గీతలు గీయు ప్రోగ్రాములో పేర్ల చరిత్ర

గ్రాఫు కాగితముపై రెండు అక్షములు గీచి, బిందువులు గుర్తించి, వానిని ఒక వక్రరేఖతో కలుపుట ఉన్నత పాఠశాల విద్యార్థులందరికిని తెలిసిన పనియే. అడ్డముగా నున్న అక్షము క్రింద ‘కాలము, సెకండ్లలో’ అనియు, నిలువు అక్షము ప్రక్క ‘దూరము, మీటర్లలో’ అనియు వ్రాయనిచో ఉపాధ్యాయుడు పూర్తి మార్కులు వేయడు. ఈ పనినే కంప్యూటరుచే చేయించువారిలో చాలమంది నేడు పైథాను అను ప్రోగ్రామింగు భాషను, అందు గ్రాఫులు గీయుటకై ఏర్పడిన మాట్‌ప్లాట్‌లిబ్ అను లైబ్రరీని వాడుచున్నారు. లైబ్రరీ యనగా ఇచట పుస్తకము లుంచు గది కాదు. ఒకరు వ్రాసిన ప్రోగ్రాములను పదిమందియు వాడుకొనుటకు వీలుగా పేర్లు పెట్టి భద్రపరచిన భాండారము. పేరు పిలిచినచో పని జరుగును.

ఈ భాండారములో అడ్డపు అక్షమునకు పేరు వ్రాయుటకు రెండు ఆజ్ఞలు కలవు. ఒకటి ‘ఎక్స్‌లేబుల్’, రెండవది ‘సెట్_ఎక్స్‌లేబుల్’. కాగితముపై రెండింటి ఫలితమును ఒకటే. మొదటి పేరు విడి లేని ముద్ద. రెండవదానిలో పదముల నడుమ అడుగుగీత యున్నది. ఈ లైబ్రరీ లోపలి ఫైళ్లను విప్పి చూచినచో మూడవ తీరు పేర్లును కనబడును. వానిలో అడుగుగీత యుండదు గాని, రెండవ పదపు మొదటి అక్షరము పెద్దదిగా నుండును. క్రమశిక్షణకు పేరు పొందిన భాషలో ఇన్ని తీరు లేల? ఈ ప్రశ్నకు సమాధానము భాష వ్యాకరణములో దొరకదు, చరిత్రలో వెదకవలెను.

యంత్రమునకు పేర్లపై పట్టింపు లేదు. ‘దూరము’ అనినను, ‘క’ అనినను దానికి అది ఒక జ్ఞాపకస్థానమును చూపు గుర్తు మాత్రమే. పట్టింపు మనుష్యులది. ప్రోగ్రామును వ్రాయుట ఒక్కసారి, చదువుట పలుమారులు. తప్పు దొరలినప్పుడు చదువవలెను, క్రొత్త భాగము చేర్చునప్పుడు చదువవలెను, వ్రాసినవాడు వేరొక ఉద్యోగమునకు పోయినచో అతని స్థానమున వచ్చినవాడు మొదటినుండి చదువవలెను. కావున ఏ పేరు ఏ జాతి వస్తువునకు చెందినదో చూచినంతనే తెలియుటకు ప్రోగ్రాములు వ్రాయువారు కొన్ని కట్టుబాట్లు చేసికొనిరి. వీనినే నామకరణ సంప్రదాయము లందురు.

తెలుగు విద్యార్థి ఇచట ఒక సంగతి ముందుగా గమనింపవలెను. మన లిపిలో పెద్ద అక్షరములు, చిన్న అక్షరములు అను భేదము లేదు. రోమను లిపిలో కలదు. పైథాను దానిని ఖచ్చితముగా పాటించును. ఒకే పదమును చిన్న అక్షరముతో మొదలిడినచో ఒక వస్తువు, పెద్ద అక్షరముతో మొదలిడినచో మరియొక వస్తువు అగును. ఈ భేదమే ముందు చెప్పబోవు చిక్కులలో కొన్నింటికి మూలము.

పేర్ల చరిత్రలో అడుగుపొర 1957 నాటిది. ఆ సంవత్సరమున ఐ.బి.ఎం. సంస్థ 704 అను తన యంత్రమునకై ఫోర్ట్రాన్ భాషను విడుదల చేసెను. అందు చలరాశి పేరు ఆరు అక్షరములకు మించరాదు. ఈ ఆరు ఎక్కడిది? 704 యంత్రపు జ్ఞాపకములో ఒక్కొక్క గది 36 బిట్లు. ఒక్కొక్క అక్షరమునకు 6 బిట్లు. 36ను 6చే భాగించినచో ఆరు వచ్చును. ఒక పేరు ఒక గదిలో ఇమడవలెను, అంతే. తరువాతి యంత్రముల నిర్మాణము మారినను ఆ హద్దు మాత్రము భాషలో నిలిచిపోయెను. ఫోర్ట్రాన్ 77 ప్రమాణములోను ఆరే. ఫోర్ట్రాన్ 90 వచ్చువరకు 31 అక్షరముల వెసులుబాటు కలుగలేదు.

ఇంత ఇరుకులో పేరు పెట్టువారు ఒక్కొక్క అక్షరమునకు పని కల్పించిరి. సమీకరణముల సాధనకై 1979లో వెలువడిన లిన్‌ప్యాక్ అను ప్రోగ్రాముల సముదాయములో ‘ఎస్ జీ ఈ ఎఫ్ ఏ’ అను ఐదక్షరముల పేరొకటి కలదు. మొదటి అక్షరము సంఖ్యలను ఎంత సూక్ష్మముగా నిలువచేయవలెనో చెప్పును. తరువాతి రెండును మాత్రిక సామాన్యమైనదని, చివరి రెండును దానిని కారణాంకములుగా విడగొట్టవలెనని తెలుపును. తెలిసినవానికి ఇది సూత్రము, తెలియనివానికి వట్టి శబ్దము.

లిన్‌ప్యాక్ రచయితలు నలుగురిలో క్లీవ్ మోలరు ఒకడు. అతడు న్యూ మెక్సికో విశ్వవిద్యాలయమున బోధించుచు, ఫోర్ట్రాన్ ప్రోగ్రాములు వ్రాయు శ్రమ లేకుండ విద్యార్థులు మాత్రికలతో లెక్కలు చేసికొనుటకై 1970ల చివర మాట్‌లాబ్ అను సాధనమును నిర్మించెను. ‘మాత్రికల ప్రయోగశాల’ అని ఆ పేరునకు అర్థము. ఆ తొలి మాట్‌లాబ్ ఎంత పొడుగు పేరు పెట్టినను మొదటి నాలుగక్షరములను మాత్రమే గుర్తుంచుకొనెడిది. విలోమ మాత్రికకు ‘ఇన్వ్’, నిర్ధారకమునకు ‘డెట్’ వంటి కురుచ పేర్లు అట్టి కాలమునకు తగినవి. 1984లో జాక్ లిటిల్ తోడ్పాటుతో మాట్‌లాబ్ వ్యాపార వస్తువుగా వెలువడెను. క్రమముగా గ్రాఫులు గీయు ఆజ్ఞలు పెరిగెను. నాలుగక్షరముల నిర్బంధము పోయినను పొదుపు అలవాటు పోలేదు. ‘ప్లాట్’, ‘ఎక్స్‌లేబుల్’, ‘యాక్సిస్’, ‘హోల్డ్’ మొదలగునవి అన్నియు చిన్న అక్షరములే, అన్నియు విడి లేని ముద్దలే.

అడుగుగీత కథ వేరు. టైపు మిషనుపై అది పదముల క్రింద గీత గీయుటకు ఏర్పడిన మీట. 1963లో అమెరికాలో వెలువడిన ఆస్కీ అక్షరసంకేత ప్రమాణములో దానికి చోటు లేదు. ఆ స్థానమున ఎడమవైపు చూపు బాణపు గుర్తు ఉండెను. 1967 సవరణలో బాణమును తీసివేసి అడుగుగీతను ఉంచిరి. సి భాషలో పేర్లు పెట్టువారు దీనిని పదముల నడుమ సందుగా వాడుకొనిరి. కాని కాలిఫోర్నియాలోని జిరాక్స్ సంస్థ పరిశోధనాలయమున 1970లలో స్మాల్‌టాక్ భాషను నిర్మించినవారు పాత బాణమునే నిలుపుకొని, చలరాశికి విలువ నిచ్చు గుర్తుగా దానిని వాడిరి. వారికి అడుగుగీత లేకపోయెను. రెండు పదములు కలిసిన పేరు కావలసినప్పుడు రెండవ పదపు మొదటి అక్షరమును పెద్దదిగా వ్రాయుట వారికి మిగిలిన సులభమైన దారి. పేరు నడుమ ఒంటె మూపురము వలె ఎత్తుగా కనబడుటచే ఈ పద్ధతికి ఒంటె తీరు అను పేరు తరువాతి కాలమున వచ్చినది. అడుగుగీతల పద్ధతిని పాము తీరు అందురు. తెర మీద కిటికీలు తెరచి, మౌసుతో బొత్తాములు నొక్కు పద్ధతికి స్మాల్‌టాక్ పుట్టినిల్లు. ఆ పద్ధతిలో పనిచేయు పిమ్మటి లైబ్రరీలలో అనేకము ఒంటె తీరు పేర్లనే పెట్టుకొనినవి. చాల కాలము తరువాత పుట్టిన లైబ్రరీలలో సైతము ఒక బాణపు గుర్తు ఉనికి ఇట్లు పరోక్షముగా నిలిచియున్నది.

పైథాను భాషను గీడో వాన్ రాసమ్ ఆమ్‌స్టర్‌డామ్ నగరమునందలి గణిత, కంప్యూటరు పరిశోధన సంస్థలో నుండగా నిర్మించి 1991లో ప్రకటించెను. (భాష పేరునకు పాముతో గాని పాము తీరుతో గాని సంబంధము లేదు, మాంటీ పైథాను అను బ్రిటిషు హాస్యబృందము పేరు అది.) పదేండ్ల పిమ్మట, 2001 జూలైలో, వాన్ రాసమ్, బారీ వార్సా అను వారిరువురు పెప్ 8 అను శైలి నియమావళిని వెలువరించిరి. లోపలికి జరుపు ప్రతి మెట్టునకు నాలుగు ఖాళీలు. పంక్తి పొడవు 79 అక్షరములకు మించరాదు. ప్రమేయముల పేర్లు చిన్న అక్షరములలో, అవసరమైన చోట అడుగుగీతలతో. వస్తుజాతుల పేర్లు, అనగా క్లాసుల పేర్లు, పెద్ద అక్షరముతో మొదలై ఒంటె తీరున. మారని విలువల పేర్లు పూర్తిగా పెద్ద అక్షరములలో నుండవలెను. లోపలి వాడుకకు మాత్రమే ఉద్దేశించిన పేరునకు ముందొక అడుగుగీత యుంచవలెను. అట్టి పేరును బయటివారు నమ్ముకొనరాదని దాని భావము. 79 అను సంఖ్యను చూచి ఆశ్చర్యపడ నక్కరలేదు. 1928లో ఐ.బి.ఎం. తెచ్చిన రంధ్రముల కార్డునకు 80 నిలువు వరుసలు; పిమ్మట వచ్చిన తెరలలో పెక్కింటికి అదియే వెడల్పు.

ఈ నియమావళిలో మెచ్చదగినది దాని కాఠిన్యము కాదు. ఒక లైబ్రరీలో ఇదివరకే వేరొక తీరు పాతుకొని యున్నచో, పై నియమము కంటె ఆ లైబ్రరీలోని పొందికయే ముఖ్యమని అది స్పష్టముగా చెప్పుచున్నది. పైథానుతో పాటు వచ్చు లైబ్రరీలలోనే పేర్లు కొంత కలగాపులగముగా నున్నవని కూడ ఒప్పుకొనుచున్నది.

జాన్ హంటరు (1968–2012) ప్రోగ్రాముల శాస్త్రము చదివినవాడు కాదు, నాడీ జీవశాస్త్రజ్ఞుడు. షికాగో విశ్వవిద్యాలయమున మూర్ఛరోగుల మెదడు ఉపరితలముపై అమర్చిన ఎలక్ట్రోడుల నుండి వచ్చు విద్యుత్ సంకేతములను అతడును, అతని సహచరులును విశ్లేషించుచుండిరి. ఆ సంకేతములను చూపు వ్యాపార ప్రోగ్రామునకు ప్రయోగశాలలో ఒకే లైసెన్సు ఉండెను. కంప్యూటరునకు తగిలించిన గాని ప్రోగ్రామును నడువనీయని ఒక చిన్న తాళపు పరికరమును విద్యార్థులు, పరిశోధకులు వంతులవారీగా చేతులు మార్చుకొనుచుండిరి. హంటరు దానికి బదులుగా మొదట మాట్‌లాబ్‌లో ఒక ప్రోగ్రామును వ్రాసెను. సంఖ్యల పట్టికలకు మాట్‌లాబ్ చక్కని సాధనమే. కాని రోగుల రికార్డులు, మెదడు చిత్రములు, విద్యుత్ సంకేతములు వేర్వేరు చోట్ల నుండగా వాని నన్నింటిని ఒకచోటికి చేర్చబోవునప్పటికి అది చాలలేదు. హంటరు పైథానునకు మారెను. అచట మిగిలినవన్నియు అనుకూలముగా నున్నవి గాని, మాట్‌లాబ్ వలె రెండు మూడు ఆజ్ఞలతో చక్కని గ్రాఫు గీయు వసతి లేదు.

2002లో హంటరు ఐపైథాను అను ప్రోగ్రామునకు గ్రాఫులు గీయు భాగమును జోడించు మార్పులు వ్రాసి, దాని నిర్మాత ఫెర్నాండో పెరెజ్‌కు పంపెను. పెరెజ్ అప్పుడు తన డాక్టరేటు పరిశోధన ముగించు తొందరలో నుండుటచే వెంటనే చూడజాలకపోయెను. హంటరు వేచియుండక విడిగా ఒక లైబ్రరీని మొదలిడెను. 2003లో మాట్‌ప్లాట్‌లిబ్ వెలువడెను. పెరెజ్‌కు ఆనాడు తీరిక దొరికియున్నచో ఈ లైబ్రరీ వేరుగా పుట్టకనే పోయి యుండెడిదేమో.

పేర్లు పెట్టు సమయమున హంటరు ఎదుట పెప్ 8 అప్పటికే ఉన్నది. దానిని పాటించి అన్నియు క్రొత్త పేర్లు పెట్టవచ్చును. కాని ఎవరి కొరకై అతడు ఈ పని తలపెట్టెనో వారి వ్రేళ్లకు మాట్‌లాబ్ ఆజ్ఞలు అలవడి యున్నవి. భాషయు క్రొత్తది, పేర్లును క్రొత్తవి అయినచో మారువారు తక్కువ. అందుచే హంటరు మాట్‌లాబ్ పేర్లనే ఉన్నవి ఉన్నట్లు తెచ్చెను. ఆ ఆజ్ఞలున్న మాడ్యూలునకు తొలుత ‘మాట్‌లాబ్’ అనియే పేరు పెట్టెను. అది తరువాత ‘పైలాబ్’ అయ్యెను. శైలి దృష్టితో చూచినచో ఇది నియమభంగము. వాడువారి దృష్టితో చూచినచో ఇంతకంటె తెలివైన ఎంపిక లేదు. మాట్‌ప్లాట్‌లిబ్ వ్యాప్తిలో ఈ పాత పేర్లకు గొప్ప భాగము కలదనుట తప్పు కాదు.

ఇక ‘సెట్_ఎక్స్‌లేబుల్’ సంగతి. ‘ఎక్స్‌లేబుల్’ అని యాజ్ఞాపించునప్పుడు ఏ గ్రాఫునకు పేరు వ్రాయవలెనో చెప్పుట లేదు; అప్పటికి చేతిలో నున్న గ్రాఫునకే అని లైబ్రరీ అర్థము చేసికొనును. ఒకే గ్రాఫు ఉన్నంతవరకు ఇది హాయిగా నుండును. ఒక కాగితముపై నాలుగు గ్రాఫులున్నచో? తరగతిలో ఒకే విద్యార్థి యున్నప్పుడు ‘నిలబడు’ అన్న చాలును. నలుబది మంది యున్నప్పుడు ‘నరసింహా, నిలబడు’ అనవలెను. అట్లు పేరు పెట్టి పిలుచుటకై హంటరు పై ఆజ్ఞల క్రింద మరియొక అంతస్తును కట్టెను. అందు ప్రతి గ్రాఫును ఒక వస్తువు. ఆ వస్తువునకు ఒక గుణము నిచ్చు ఆజ్ఞ ‘సెట్_’ అనియు, గుణమును అడుగు ఆజ్ఞ ‘గెట్_’ అనియు మొదలగును. ఈ అంతస్తు మాట్‌లాబ్ ఆజ్ఞలకు నకలు కాదు గనుక ఇచట పైథాను తీరు పేర్లు వచ్చినవి. రెండు ఆజ్ఞల భేదము కేవలము అక్షరముల భేదము కాదని, రెండు సంభాషణ పద్ధతుల భేదమని దీనిచే తెలియుచున్నది.

మాట్‌లాబ్ పేర్లను తెచ్చుటలో ఒక అపాయము కూడ వచ్చినది. మాట్‌లాబ్‌లో ఆజ్ఞలన్నియు ఎల్లప్పుడును అందుబాటులో నుండును. ఆ సౌకర్యమును అనుకరించుటకై పైలాబ్ వాడువారు దానిలోని పేర్లనన్నింటిని ఒక్క పంక్తితో తమ ప్రోగ్రాములోనికి దిగుమతి చేసికొనుచుండిరి. గ్రాఫుల ఆజ్ఞలతో పాటు సంఖ్యల శ్రేణులపై పనిచేయు నంపై అను మరియొక లైబ్రరీ పేర్లును దిగుచుండెను. వానిలో ‘సమ్’ ఒకటి. సంకలనము చేయుటకు పైథానునకు స్వంతముగా ఒక ‘సమ్’ కలదు. క్రొత్తగా వచ్చిన ‘సమ్’ పాతదానిని ఏ హెచ్చరికయు లేకుండ కప్పివేయును.

రెండును కూడునవే కదా, భేద మేమి? ఒక ఉదాహరణము చాలును. 0, 1, 2, 3, 4 అను ఐదు సంఖ్యలను ‘సమ్’నకు ఇచ్చి, వాని వెంట రెండవ విలువగా −1 ఇచ్చినారనుకొనుడు. పైథాను స్వంత ‘సమ్’నకు రెండవ విలువ యనగా కూడిక మొదలుపెట్టవలసిన సంఖ్య. కావున −1 నుండి మొదలిడి 9 అని జవాబు చెప్పును. నంపై ‘సమ్’నకు రెండవ విలువ యనగా ఏ అక్షము వెంట కూడవలెను అనునది, −1 అనగా చిట్టచివరి అక్షము. ఉన్నది ఒకే అక్షము గనుక దాని వెంట కూడి 10 అని చెప్పును. పంక్తి అదే, అక్షరములు అవే, జవాబు వేరు. యంత్రము ఆగదు, తప్పు చూపదు. ప్రోగ్రాము మొదట దిగుమతి పంక్తి యొకటి చేర్చినంత మాత్రముననే ఎక్కడో నూరు పంక్తుల దిగువ ఒక లెక్క మారిపోవును. ఆ లెక్క ఒక రోగి మెదడు సంకేతమునకు సంబంధించినదైనచో దాని పర్యవసానము ఊహించుకొనవచ్చును.

దీనికి మందు తెలుగువారికి క్రొత్త కాదు. ఒక ఊరిలో నలుగురు సుబ్బారావులున్నచో ఇంటిపేరు ముందు చేర్చి పిలుతురు. పైథానులో లైబ్రరీ పేరు ఇంటిపేరు వంటిది. దానిని ముందు వ్రాసి, ఒక చుక్క పెట్టి, తరువాత ఆజ్ఞ పేరు వ్రాయవలెను. మాట్‌ప్లాట్‌లిబ్ శైలి నియమములు ఈ ఇంటిపేర్లకు పొడి అక్షరములను కూడ నిర్ణయించినవి. నంపై లైబ్రరీకి ‘ఎన్‌పీ’. గ్రాఫుల ఆజ్ఞలు మాత్రమే గల పైప్లాట్ మాడ్యూలునకు ‘పీఎల్‌టీ’. ఇపుడు ‘ఎన్‌పీ.సమ్’ వేరు, ఒట్టి ‘సమ్’ వేరు. పైలాబ్ వాడుకను మాట్‌ప్లాట్‌లిబ్ నిర్వాహకులే గట్టిగా వారించుచున్నారు. రెండక్షరములు, మూడక్షరములు గల ఈ పొడి పేర్లు ఇపుడెంత స్థిరపడినవనగా, వేరొక పొడి పేరు వాడిన ప్రోగ్రామును చూచినవారు క్షణకాలము తికమకపడుదురు.

చిక్కులలో విద్యార్థులను ఎక్కువగా బాధించునది మాత్రము ‘యాక్సిస్’, ‘యాక్సీస్’ అను జంట. ఇంగ్లీషులో మొదటిది ఏకవచనము, అక్షము. రెండవది దాని బహువచనము, అక్షములు. మాట్‌ప్లాట్‌లిబ్‌లో పెద్ద అక్షరముతో మొదలగు ‘యాక్సీస్’ అనునది ఒకే వస్తువు. రెండక్షములును, వాని నడుమ గీయబడిన సమస్తమును కలిసిన గ్రాఫు చట్రమునకు అది పేరు. బహువచన రూపమున నున్నను అది ఒకటియే. దాని లోపల ‘యాక్సిస్’ అను వస్తువులు రెండు, అడ్డముది ఒకటి, నిలువుది ఒకటి. ఇవి గాక చిన్న అక్షరముతో ‘యాక్సీస్’ అను మాడ్యూలు, అదే పేరుతో పైప్లాట్‌లో ఒక ఆజ్ఞ, చిన్న అక్షరముతోనే ‘యాక్సిస్’ అను మరియొక ఆజ్ఞ కలవు. తెలుగు లిపిలో వ్రాసినచో వీనిలో కొన్నింటికి భేదమే కనబడదు. గ్రాఫు చట్రమును ‘యాక్సీస్’ అనుట మాట్‌లాబ్ నుండి వచ్చిన వాడుక. దిద్దుటకు వీలు లేనంతగా ఇది వేరూనినది.

ఒక చట్రమును బహువచనముతో పిలిచినప్పుడు పెక్కు చట్రములను ఏమని పిలువవలెను? ఈ ప్రశ్నకు నియమావళి విచిత్రమైన జవాబు చెప్పినది. ఒక చట్రమును చూపు చలరాశికి ‘ఏ ఎక్స్’ అను రెండక్షరములు. అనేక చట్రములున్నచో దానికి ‘ఎస్’ చేర్చి ‘ఏ ఎక్స్ ఎస్’. పూర్తి పదమును చలరాశికి వాడరాదనియు, అది ఒకటియో అనేకమో తెలియదనియు వారు కారణము చెప్పిరి. బహువచనమును కత్తిరించి ఏకవచనము చేసి, దానికి మరల బహువచన ప్రత్యయము చేర్చుట వ్యాకరణవేత్తకు నవ్వు పుట్టించును గాని, చదువువానికి సందేహము తీరుచున్నది.

లైబ్రరీ పెద్దదగుకొలది వ్రాయు చేతులును పెరిగెను. 2010 తరువాతి సంవత్సరములలో నిర్వాహకులు ఫైలు తరువాత ఫైలును పెప్ 8నకు అనుగుణముగా సవరించిరి. నియమము తప్పిన పంక్తిని పట్టుకొను పరీక్షను లైబ్రరీ పరీక్షలతోనే చేర్చిరి. ఖాళీలు, పంక్తుల పొడవులు సవరించుటకు ఎవరి అభ్యంతరమును ఉండదు. పేరు సవరించుట అట్టిది కాదు. బయటివారు వాడు పేరును మార్చినచో వారి ప్రోగ్రాము ఆగిపోవును. ఆ ప్రోగ్రామును వ్రాసినవాడు ఏ పరిశోధనాలయముననో నుండును. అతనికి ఈ మార్పు సంగతియే తెలియదు. కనుక ముందుగా పాత పేరు పనిచేయుచునే, ఇది త్వరలో తొలగింపబడునను హెచ్చరికను చూపును. సాధారణముగా రెండు విడుదలల కాలమైనను గడచిన పిమ్మటనే దానిని తొలగింతురు.

ఇట్లు పోయిన పేర్లలో కొన్ని పోదగినవే. ‘యాక్సిస్‌బీజీ’ అను పేరు చూచినవారు అక్షము వెనుక రంగు అనుకొందురు. నిజమునకు అది చట్రము వెనుక రంగు. 2017 జనవరిలో వచ్చిన 2.0 విడుదలలో దానికి బదులు ‘ఫేస్‌కలర్’ వాడవలెనని నిర్ణయించిరి. పాత గీతలను చెరపక క్రొత్తవానిని చేర్చు మాట్‌లాబ్ ‘హోల్డ్’ ఆజ్ఞను కూడ అదే విడుదలలో వృద్ధాప్యమునకు చేర్చి, 2018లో వచ్చిన 3.0లో తొలగించిరి. కాని ‘ఎక్స్‌లేబుల్’ జోలికి ఎవరును పోలేదు. నడుమ ఒక అడుగుగీత చేర్చుటచే కలుగు అందము కొరకై లెక్కకు మించిన ప్రోగ్రాములను, పాఠ్యపుస్తకములను పాడుచేయుటకు ఎవరికి మనసొప్పును? పైథాను వారును ఇట్టి ఓర్పునే చూపిరి. ఒకేసారి పెక్కు పనులు నడుపు ‘థ్రెడింగ్’ మాడ్యూలులోని ఒంటె తీరు పేర్లకు 2008లో పాము తీరు పేర్లను జోడించిరి. పాత పేర్లు విడువదగినవని లాంఛనముగా ప్రకటించుటకు 2021 వరకు, పదమూడేండ్లు, ఆగిరి.

ఎంత ఓర్పునకును లొంగని చోటొకటి కలదు. మాట్‌ప్లాట్‌లిబ్ గీచిన గ్రాఫును తెర మీది కిటికీలో చూపుటకు నార్వే దేశమున పుట్టిన క్యూటీ అను లైబ్రరీ సహాయము తీసికొనవచ్చును. మౌసు నొక్కినప్పుడు క్యూటీ ఒక నిర్ణీతమైన పేరు గల ప్రమేయమును పిలుచును: ‘మౌస్’, ‘ప్రెస్’, ‘ఈవెంట్’ అను మూడు పదములను ఒంటె తీరున కలిపిన పేరు అది. ఆ పేరుతోనే మాట్‌ప్లాట్‌లిబ్ తన ప్రమేయమును వ్రాసి యుంచవలెను. పెప్ 8 ప్రకారము దిద్ది అడుగుగీతలు పెట్టినచో క్యూటీ దానిని గుర్తింపదు; మౌసు నొక్కినను గ్రాఫు పలుకదు. అందుచే ఆ ఫైలులో వెడల్పు, ఎత్తు తెలుపు ‘గెట్_విడ్త్_హైట్’ పాము తీరునను, మౌసు ప్రమేయము ఒంటె తీరునను ప్రక్కప్రక్కనే యున్నవి. మొదటి పేజీలలో చెప్పిన మూడవ తీరు పేర్లు ఇవియే. ఇరుగుపొరుగు దేశముల సరిహద్దు గ్రామములో రెండు భాషలు వినబడుట వంటిది ఇది.

హంటరు 2012 ఆగస్టు 28న క్యాన్సరు చికిత్సలో ఏర్పడిన ఉపద్రవములచే 44వ యేట మరణించెను. 2008లో ఫీనిక్స్ నౌక కుజగ్రహముపై దిగినప్పుడు వచ్చిన సమాచారమును చిత్రించుటకు మాట్‌ప్లాట్‌లిబ్ ఉపయోగపడుట అతడు చూచెను. 2019 ఏప్రిల్ 10న ప్రకటింపబడిన కృష్ణబిలపు తొలి చిత్రమును సిద్ధపరచుటలోను ఆ లైబ్రరీ పాలుపంచుకొనినది. దానిని చూచుటకు అతడు లేడు. ఆ పని చేసినవారును అతడు షికాగోలో సహచరుల సౌకర్యమునకై నిలిపిన పేర్లు గల లైబ్రరీనే తెరచిరి.

తెలుగులో పేర్లు పెట్టుకొనవచ్చునా యని విద్యార్థులు అడుగవచ్చును. 2008 డిసెంబరులో విడుదలయైన పైథాను 3.0 నుండి ఇతర లిపుల అక్షరములను పేర్లలో అనుమతించుచున్నారు. పైథానుతో వచ్చు లైబ్రరీలకు మాత్రము ఆస్కీ అక్షరములే వాడవలెనని పెప్ 8 నియమము. స్వంత ప్రోగ్రామునకు ఆ అడ్డు లేదు. ‘నిలువు_అక్షము’ అని ఒక చలరాశికి పేరు పెట్టినచో పైథాను తప్పుపట్టదు. గుణింతములు, ఒత్తులు, పొల్లులు అన్నియు చెల్లును. పెద్ద అక్షరములు లేవు గనుక తెలుగులో ఒంటె తీరు అసాధ్యము, అడుగుగీతయే శరణ్యము. ఒక్క జాగ్రత్త కావలెను. ‘మాట్‌లాబ్’ అని వ్రాయునప్పుడు ‘ట’ క్రింద ‘ల’ ఒత్తు పడకుండ నడుమ కంటికి కనబడని ఒక గుర్తును మీటలపై నొక్కుదుము. ఆ గుర్తు పేరులో నున్నచో పైథాను ఆ పంక్తిని అంగీకరింపదు. ఒత్తు పడినను సరేయని ‘మాట్లాబ్’ అని వ్రాయవలెను, లేదా ఆ రెండింటి నడుమ అడుగుగీత పెట్టవలెను.